అప్‌డేట్: నాయన నొప్పి తగ్గింది, జబ్బు సంగతి కూడా తేలింది (ప్రొద్దుటూరు)

నాయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరింది, నొప్పితో నిద్ర లేదు, జబ్బు పేరు ఆయనకు చెప్పాలా వద్దా అని అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) డాక్టరును కలవమన్న సలహానే పనికొచ్చింది.

మార్ఫిన్ (నల్లమందు జాతికి చెందిన బలమైన నొప్పి మందు) మాత్రలు రాశారు, 4 గంటలకోసారి. నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైముకే వేయాలట. మలబద్ధకం వస్తుంది కాబట్టి మొదటి రోజు నుంచే విరేచనం మందు కూడా. అలవాటు పడిపోతాడేమోనని మా టెన్షన్. క్యాన్సర్ నొప్పికి చెప్పిన మోతాదులో వాడితే ఆ భయం వద్దన్నారు. ఇవి ప్రతి మెడికల్ షాపులో దొరకవు. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల మీద ఉన్న చట్టం) సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు ఇవ్వడం సులువైంది. ఆయాసానికి ముఖం దగ్గర చిన్న ఫ్యాను పెట్టమన్నారు. నేను నమ్మలేదు గానీ, పని చేస్తోంది.

ఇక చెప్పడం సంగతి. "చెప్తే వాడు తట్టుకోలేడు" అని మేనత్త ఒకటే పట్టు. డాక్టరు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, "పెద్దాయనా, మీ జబ్బు గురించి మీకేం తెలుసు? ఇంకా తెలుసుకోవాలనుందా?" అని నాయననే అడిగారు. "తెలుసు సార్. వీళ్లు ఏడుస్తారని అడగలేదు" అన్నాడు. మేనత్త నోట మాట లేదు. ఆ రోజే, ఐసీయూ వద్దు, ఇంట్లోనే ఉంటానని తేల్చేశాడు.

బలానికి గ్లూకోజ్ బాటిళ్లు, ప్రోటీన్ పొడి, హైదరాబాదులో ఇంకో స్కాన్ ఏవీ అక్కర పడలేదు. సంకటి ఎంత తింటే అంత చాలన్నారు. వెళ్లేవాళ్లు పాత చీటీలు, రిపోర్టులు అన్నీ పట్టుకెళ్లండి, మాకు అవి చూశాకే మందు రాశారు.