రాబోయే సినిమా మీద ఆసక్తిని వికీపీడియా వీక్షణలతో కొలవడం ఎలా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. రిలీజ్‌కి ముందు ఏ సినిమా మీద ఎంత ఆసక్తి ఉందో చూద్దామని వికీపీడియాలో ఏ వ్యాసాన్ని ఎన్నిసార్లు చూశారో చెప్పే ‘పేజ్‌వ్యూస్’ టూల్ వాడుతున్నాను. చేయి తిరగడం కోసం మొదట ‘కల్కి 2898 ఏడీ’ వేసి చూశా. 2023 జులైకి ముందు దాదాపు ఖాళీ! అంతవరకూ ఎవరూ పట్టించుకోలేదంటే నమ్మబుద్ధి కావట్లేదు. ఎక్కడ తేడా కొడుతోంది?

జవాబు: అప్పటిదాకా అది ‘ప్రాజెక్ట్ కె’ కదండీ. అసలు పేరు ఆ జులైలో శాన్ డియాగో కామిక్ కాన్‌లో చెప్పారు. వ్యాసం పేరు మారితే పాత వీక్షణలు పాత పేరు కిందే ఉండిపోతాయి. దారిమార్పులను (పాత పేరు నుంచి కొత్త పేజీకి పంపే ‘రీడైరెక్ట్స్’) కలిపే ఆప్షన్ ఉంటుంది, టిక్ పెట్టండి. లేదా రెండు పేర్లూ వేసి కూడుకోండి. మన పెద్ద హీరోల సినిమాలు ఏళ్ళ తరబడి అసలు పేరు లేకుండా, హీరోకి ఎన్నో సినిమా అన్న నంబర్లతోనే నడుస్తాయి కాబట్టి ఈ తంటా ప్రతిసారీ ఉంటుంది. టూల్‌లో ‘ఏజెంట్’ అన్న చోట ‘యూజర్’ ఉందో లేదో చూడండి, లేకపోతే బాట్‌లు (తమంతట తామే పేజీలు తెరిచే ప్రోగ్రాములు) కూడా లెక్కలోకి వస్తాయి.

మరో జవాబు: దసరా సినిమానీ సంక్రాంతి సినిమానీ ఇవాళ్టి అంకెతో పోల్చొద్దు. రెండింటికీ రిలీజ్‌కి నాలుగు వారాల ముందు నుంచి వారం ముందు వరకు తీసుకోండి. ట్రైలర్ వచ్చిన రోజు గ్రాఫ్ ఆకాశానికి లేస్తుంది, అందుకే సగటు కాకుండా మధ్యగతం (అంకెలను వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) చూడండి. ఇంగ్లిష్ వికీ ఒక్కటే చాలదు. హిందీ, తమిళం, తెలుగు కూడా కావాలంటే అన్ని భాషల వీక్షణలూ చూపే ‘లాంగ్‌వ్యూస్’ టూల్ ఉంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మరి దీంతో ఓపెనింగ్స్ చెప్పేయొచ్చా?

మొదటి జవాబిచ్చినవారు: అంత నమ్మకం వద్దు. 2010లో అమెరికాలో విడుదలైన 312 సినిమాలతో చేసిన అధ్యయనం ఒకటి 2013లో ‘ప్లాస్ వన్’ అనే పరిశోధన పత్రికలో వచ్చింది. వాళ్ళు వీక్షణలతో సరిపెట్టలేదు. వ్యాసంలో ఎందరు, ఎన్ని మార్పులు చేశారో, ఎన్ని థియేటర్లలో వేశారో కూడా కలిపారు. అయినా పెద్ద హిట్లకే అంచనా బాగా కుదిరింది, చిన్నవాటికి తేలిపోయింది. పైగా డాలస్‌లో చూసినా గుంటూరులో చూసినా ఈ టూల్‌లో ఒకటే అంకె. వివాదం రేగినా వీక్షణలు పెరుగుతాయి, టికెట్లు తెగాలని లేదు. షూటింగ్ మొదలవకుండా ఇంగ్లిష్ వికీలో సాధారణంగా విడి వ్యాసం ఉండనివ్వరు కాబట్టి, సినిమా ప్రకటించిన రోజు హడావుడి కూడా ఇందులో చాలాసార్లు దొరకదు.