ఈ-రీడర్ కొనాలి, కానీ నా దగ్గరున్నవి ఎక్కువగా పీడీఎఫ్‌లే. ఏది తీసుకోమంటారు?

సత్యవతి:
నమస్తే అండీ. ఫోన్‌లో చదివీ చదివీ రాత్రిళ్లు కళ్లు మండుతున్నాయి, అందుకే కాయితంలాంటి తెర ఉండే ఈ-ఇంక్ రీడర్ ఒకటి కొందామనుకుంటున్నాను. ఎక్కడ చూసినా బ్యాటరీ, వాటర్‌ప్రూఫ్ కబుర్లే తప్ప నాకు కావలసిన సంగతి దొరకడం లేదు. నా దగ్గర మూడు రకాల ఫైళ్లున్నాయి. ఆర్కైవ్ సైటు నుంచి దించుకున్న పాత తెలుగు నవలల స్కాన్లు, బాగా బరువైనవి. మా నాన్నగారి వ్యాసాలు, ఆయన అప్పట్లో డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కట్టడం) చేయించి పీడీఎఫ్‌గా దాచుకున్నవి. ఇంకా కొన్ని ఇంగ్లీషు ఈపబ్‌లు, అంటే ఈ-పుస్తకాల ఫైళ్లు. ఆరంగుళాల రీడర్ చేతిలో ఇమిడిపోతుందని మనసు అటే లాగుతోంది. పీడీఎఫ్‌లన్నీ ఈపబ్‌లుగా మార్చేసుకుంటే సరిపోతుందా? క్యాలిబర్ అనే ఫైళ్లు మార్చే ప్రోగ్రాంతో నాన్నగారి వ్యాసం ఒకటి మార్చి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అన్నీ పిచ్చి గుర్తులే!

కిరణ్_బి:
ఆరంగుళాల కిండిల్ తీసుకోండి, ఇంక ఆలోచించకండి. కేబుల్‌తో ఈపబ్ వేస్తే అది గుర్తుపట్టదు గానీ, అమెజాన్ వారి సెండ్ టు కిండిల్ సర్వీసు ద్వారా పంపితే 2022 నుంచి ఈపబ్‌లు కూడా తీసుకుంటోంది. పీడీఎఫ్‌లు ఎలాగూ తెరుస్తుంది.

పాత_డీటీపీ_మనిషి:
తెరవడం వేరు, చదవనివ్వడం వేరు కిరణ్ గారూ. ఆరంగుళాలన్నది మూల నుంచి మూలకు కొలత. తెర అసలు వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లు. డెమీ సైజు పుస్తకం ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడుగు ఉంటుంది. ఆ పేజీని ఈ తెరలో కుక్కితే అక్షరం అసలు సైజులో సగానికి కాస్త పైన తేలుతుంది. తలకట్లూ వత్తులూ కలిసిపోయి, ప ఏదో వ ఏదో తెలియదు.

సత్యవతి గారూ, మిషను సంగతి తర్వాత, ముందు మీ ఫైళ్లు తేల్చుకోండి. పీడీఎఫ్ 1993లో అడోబీ తెచ్చింది. ఎక్కడ తెరిచినా పేజీ చెక్కుచెదరకుండా ఉండాలి, అదే దాని పని. ఈపబ్ దానికి పూర్తిగా తలకిందులు. దాన్ని జిప్ ఫైలులా విప్పి చూడండి, లోపల ఉండేవి వెబ్‌పేజీలే. అక్షరం సైజు పెంచితే వరుసలు వాటంతటవే సర్దుకుంటాయి. అందుకే మీ ఇంగ్లీషు ఈపబ్‌లకు ఏ ఆరంగుళాల రీడరైనా చాలు, వాటి గురించి బెంగ వద్దు.

పీడీఎఫ్ ఏ రకమో తెలియాలంటే అందులో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఏమీ రాకపోతే అది వట్టి ఫొటో. తెలుగే వస్తే యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ప్రపంచమంతా వాడే కోడు), కాకపోతే అందులోనూ వత్తులు, గుణింతాలు అటూ ఇటూ అవుతుంటాయి. మీకొచ్చినట్టు పిచ్చి గుర్తులొస్తే పాత ఫాంటు.

ఈ మూడో రకం మా బాపతు. అను ఫాంట్లతో ఏళ్ల తరబడి పేజీలు కట్టిన చేతులివి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది, కానీ ప్రెస్సులో మేం వాడింది అది కాదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్లవి. ఒక మీట మీద వత్తు, ఇంకో మీట మీద కొమ్ము. ఫాంటు వెంట ఉన్నంతసేపే అది తెలుగు. క్యాలిబర్ ఫాంటును వదిలేసి కోడు మాత్రం తీసుకుంటుంది కాబట్టి మీకు గుర్తులు మిగిలాయి. అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. నాన్నగారి వ్యాసాల అసలు పేజ్‌మేకర్ (అప్పట్లో పేజీలు కట్టిన ప్రోగ్రాం) ఫైళ్లు ఇంట్లో ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి. పీడీఎఫ్ నుంచి లాగిన దానికంటే వాటినుంచి తీసిన మేటర్ శుభ్రంగా ఉంటుంది. మార్చాక ఒకసారి ప్రూఫు చూడక తప్పదు. ఆ తర్వాత వర్డ్‌లో పెట్టి, శీర్షికలకు హెడింగ్ స్టైల్ ఇచ్చి క్యాలిబర్‌కు అందించండి. విషయసూచికతో సహా ఈపబ్ తయారవుతుంది.

స్కాన్ల జోలికి మాత్రం వెళ్లకండి. గూగుల్ డ్రైవ్, టెసరాక్ట్ లాంటివి ఫొటోలోని తెలుగు అక్షరాలను గుర్తుపట్టి టైపు మేటర్‌గా మారుస్తాయి, కాదనను. కానీ మసకబారిన పాత అచ్చు మీద అవి చేసే తప్పులు దిద్దుకుంటూ కూర్చుంటే నవల చదివే ఓపిక మిగలదు. ముందు తెలుగు వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల సైటులో చూడండి. మీకు కావలసిన పుస్తకాన్ని ఎవరో పుణ్యాత్ములు ఇప్పటికే టైపు చేసి దిద్ది ఉంటే, ఈపబ్‌గానే దించుకోవచ్చు. అక్కడ లేనివాటిని స్కాన్‌గానే చదవండి. దానికి 10.3 అంగుళాల తెర కావాలి. డెమీ పేజీ మూలకొలత పదంగుళాల చిల్లర, కాబట్టి దాదాపు అచ్చులో ఉన్న సైజులోనే కనిపిస్తుంది.

సత్యవతి:
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ. కానీ 10.3 అంటే పడుకుని పట్టుకోగలనా? నాన్నగారి వ్యాసాలు ఈపబ్ చేశాక తెలుగు సరిగ్గా కనబడుతుందా అని ఇంకో టెన్షన్.

పాత_డీటీపీ_మనిషి:
ఆరంగుళాలవి రెండు వందల గ్రాముల లోపే ఉంటాయి, 10.3వి నాలుగు వందల దాకా వెళ్తాయి. పడుకుని చదివేవాళ్లకు అది బరువే. మధ్యేమార్గం 7.8 లేదా 8 అంగుళాలు. స్కాన్ చుట్టూ ఉన్న మార్జిన్లు కత్తిరించి చూస్తే అచ్చు కంటే కాస్త చిన్నగా, హాయిగానే చదవొచ్చు. ఆ కత్తిరింపుకు కోరీడర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. పసుపెక్కిన కాయితం మీది అచ్చును నల్లగా తేల్చే కాంట్రాస్ట్ మీట కూడా అందులో ఉంది, నేను ఎక్కువగా వాడేది అదే. కోబో, పాకెట్‌బుక్ రీడర్లలో దాన్ని తేలిగ్గా పెట్టుకోవచ్చు. కిండిల్‌లో అయితే ముందు జైల్‌బ్రేక్ చేయాలి, అంటే కంపెనీ వేసిన తాళం విప్పాలి, ఆ తంటా మీకెందుకు?

తెలుగు సంగతి కొనకముందే చూసుకోవాలి. స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, క్షేత్రం, ఉత్ప్రేక్ష. ఈ మాటలు రాసిన చిన్న ఈపబ్ ఒకటి చేసుకుని, ఆ రీడర్ ఉన్నవాళ్లెవరినైనా తెరిచి ఫొటో పంపమనండి. వత్తు కిందికి వెళ్లకుండా పక్కన పొల్లుతో నిలబడితే దాని సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రానట్టే. కోరీడర్‌లో ఈ బాధ ఉండదు, అక్షరాలు కూర్చడానికి అది హార్ఫ్‌బజ్ వాడుతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఉన్నదీ అదే. నోటో సెరిఫ్ తెలుగు గానీ మండలి గానీ ఉచితంగా దించుకుని ఫాంట్ల ఫోల్డర్‌లో వేయండి. నాకైతే మండలి నచ్చుతుంది.

మాధవి_లైబ్రరీ:
ఒక చిన్న అభ్యంతరం. బరువైన స్కాన్లకు ఈ-ఇంక్ నాకు నచ్చదు. పేజీ తిప్పి ఎదురుచూడాలి, కాస్త పెద్దది చేద్దామంటే మళ్లీ ఎదురుచూడాలి. నేను స్కాన్లు ట్యాబ్లెట్‌లో, ఈపబ్‌లు ఆరంగుళాల దాంట్లో చదువుతాను. ఇంకొకటి, కలర్ తెర చూసి ఆశపడకండి. కెలైడో 3 అనే కలర్ ఈ-ఇంక్ తెరలో నలుపు తెలుపులకు అంగుళానికి 300 చుక్కలుంటే రంగులకు 150 మాత్రమే, పైగా రంగు పొర వల్ల కాయితం బూడిద రంగులోకి దిగుతుంది. నవలలకు అదెందుకు?

పాత_డీటీపీ_మనిషి:
రంగు విషయంలో మాధవి గారి మాటే నాదీ. ట్యాబ్లెట్ మాత్రం ఒప్పుకోను. కళ్లు మండుతున్నాయనే కదా ఆవిడ అడిగింది!

సత్యవతి:
ఎనిమిదంగుళాల వైపే మొగ్గుతున్నాను. ఈలోగా నాన్నగారి బీరువాలో ఒక సీడీ దొరికింది. పేజ్‌మేకర్ ఫైళ్లే ఉన్నట్టున్నాయి, కానీ నా కంప్యూటర్‌లో ఏదీ తెరుచుకోవడం లేదు.

పాత_డీటీపీ_మనిషి:
ముందు సీడీని అలాగే రెండు చోట్లకు కాపీ చేసి పెట్టండి, పాత సీడీలను నమ్మలేం. పేజ్‌మేకర్ లేకపోతే పేజీలు కట్టే ఇంకో ప్రోగ్రాం ఇన్‌డిజైన్ సీఎస్6 ఉన్నవాళ్లను పట్టుకోండి, ఆ తర్వాత వచ్చిన వెర్షన్లు ఈ ఫైళ్లు తెరవవు. తెరవగానే ఫాంటు కనబడలేదని ఒక హెచ్చరిక వస్తుంది. దాంట్లో ఉన్న ఫాంటు పేరు ఇక్కడ రాయండి. అనులోనే వెర్షన్‌ను బట్టి కోడ్లు మారతాయి, ఏ కన్వర్టర్ వాడాలో ఆ పేరు చూసి చెబుతాను.