మ్యాట్నీలో మాత్రమే ప్రొజెక్టర్ ల్యాంప్ ఆరిపోతా ఉంది, వెలుగు ఆడతా ఉంది. ముందు ఏం చూడాలి?

బూత్_చిత్తూరు

అన్నలందరికీ నమస్కారం. చిత్తూరులో సింగిల్ స్క్రీన్ సినిమా హాలు. 2కె డీఎల్‌పీ ప్రొజెక్టర్, 3 కిలోవాట్ల జినాన్ ల్యాంప్. రెండు సమస్యలు ఒకేసారి వచ్చినాయి.

మార్నింగ్ షో, సెకండ్ షో బాగానే పోతా ఉన్నాయి. మ్యాట్నీలో ఇంటర్వెల్ దాటినాక టెంపరేచర్ వార్నింగ్ వచ్చి ల్యాంప్ ఆరిపోతా ఉంది. కాసేపు ఆగి కొడితే మళ్లీ పట్టుకుంటుంది. ఇంకోటి, ఆకాశం, తెల్లగోడ లాంటి సీన్లు వస్తే వెలుగు అల్లాడతా ఉంది. చీకటి సీన్లలో తెలియదు.

ల్యాంప్ వారంటీ 1500 గంటలు, ఇప్పటికి 1725 అయింది. గంటలు పెరిగినాయని కరెంటు బాగా తగ్గించి సెట్ చేసి ఉంది. ఇంకో నెల లాగమని ఓనర్ గారి మాట. ఎగ్జాస్ట్ 8 ఇంచుల డక్ట్, డాబా మీద ఫ్యాన్. ప్రొజెక్టర్ ఉండే బూత్‌లో ఒకటిన్నర టన్ను ఏసీ. ల్యాంప్ మేమే మార్చుకోవచ్చా? ఫేస్ షీల్డ్ ఉంది, జాకెట్ లేదు.

సర్వీస్_తిరుపతి

ఇవి రెండు వేర్వేరు జబ్బులు తమ్ముడూ. కొత్త ల్యాంప్ వేస్తే ఆడడం ఆగొచ్చు, మ్యాట్నీలో ఆరిపోవడం మాత్రం ఆగదు. ముందు వేడి సంగతి చూడండి.

ఎర్రర్ లాగ్ తెరిచి ఏ సెన్సర్ పేరు పడిందో రాసుకోండి. డీఎండీ (బొమ్మను తయారుచేసే చిప్) టెంపరేచర్ అని ఉంటే అది లిక్విడ్ కూలింగ్ వైపు: ట్యాంక్‌లో కూలెంట్ మట్టం, పంపు, రేడియేటర్ ముందున్న ఫిల్టర్. కూలెంట్ తగ్గితే మాన్యువల్‌లో చెప్పిందే పోయాలి. బోరు నీళ్లు పోస్తే సన్నటి దారుల్లో ఉప్పు పట్టి మూసుకుపోతాయి. ల్యాంప్‌హౌస్ అనో ఎగ్జాస్ట్ అనో ఉంటే అది గాలి సమస్య. మీరు చెప్పిన తీరు చూస్తే ఇదే అనిపిస్తోంది.

ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకు పట్టండి, అవతల కనబడకపోతే మార్చాలి. కడిగే రకమైతే కడిగి పూర్తిగా ఆరాకే పెట్టండి, తడి ఫిల్టర్‌తో నడపొద్దు. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లకు దగ్గరున్న హాళ్లలో ఫిల్టర్ చాలా ముందే నిండిపోతుంది. గంటల లెక్క నమ్ముకోకుండా వారానికోసారి కంటితో చూడండి. లోపలి దుమ్మును కంప్రెసర్‌తో ఊదొద్దు, అది ఆప్టిక్స్ (లెన్సులు, అద్దాలు) మీదికి పోయి కూర్చుంటుంది. వ్యాక్యూమ్‌తో బయటికి లాగాలి.

తర్వాత ఎగ్జాస్ట్ కొలవండి. ల్యాంప్ ఆపి, మెషిన్ చల్లబడ్డాక డక్ట్‌ను ప్రొజెక్టర్ నుంచి విడదీసి, డాబా ఫ్యాన్ ఆన్ చేసి, డక్ట్ మూతి దగ్గర అనిమోమీటర్ (గాలి వేగం కొలిచే మీటర్) పెట్టండి. 8 ఇంచుల డక్ట్ వైశాల్యం 0.35 చదరపు అడుగులు. సెకనుకు 6.6 మీటర్లు, అంటే నిమిషానికి 1300 అడుగులు చూపిస్తే దాదాపు 450 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). మీ మోడల్‌కు ఎంత కావాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఈ సైజు మెషిన్లకు మామూలుగా 400 నుంచి 600 మధ్య అడుగుతారు. డక్ట్ మూతికి పెట్టిన కాగితం ముక్క అతుక్కుంది కాబట్టి గాలి బాగుంది అనుకోవద్దు, సగం గాలికి కూడా అతుక్కుంటుంది.

ఇక మ్యాట్నీలోనే ఎందుకు? ఎగ్జాస్ట్ నిమిషానికి 450 ఘనపుటడుగుల గాలిని బూత్ నుంచి లాగి బయట పారేస్తోంది. అంత గాలీ మళ్లీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి. తలుపు సందుల్లోంచి, డాబా మెట్ల వైపు నుంచి వస్తుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలి అది. దాన్ని 27కి దించడానికే ఒక టన్నుకు పైగా ఏసీ ఖర్చవుతుంది. మీ ఒకటిన్నర టన్నులో మిగిలేది ఎంత? ప్రొజెక్టర్ గాలి పీల్చుకునే చోట 35 డిగ్రీలు దాటకూడదు. థర్మామీటర్ ఏసీ కింద కాకుండా ఆ ఇన్‌టేక్ పక్కనే వేలాడదీయండి. బయటి గాలి ఎండ వైపు నుంచి రాకుండా మూసి, నీడ వరండా వైపు ఫిల్టర్ వేసిన గ్రిల్ ఒకటి పెట్టించండి. రెండో ఏసీ కొనేముందు ఇది చేసి చూడండి.

రీల్_టు_డీసీపీ

వెలుగు ఆడడం గురించి నేను చెప్తా.

పాత ల్యాంప్‌ను కాపాడదామని కరెంటు తగ్గించడం చాలా బూత్‌లలో ఉన్న అలవాటు. జరిగేది దానికి విరుద్ధం. క్యాథోడ్ (మైనస్ ఎలక్ట్రోడ్) మొన తగినంత వేడిగా ఉంటేనే ఆర్క్, అంటే ఎలక్ట్రోడ్ల మధ్య వెలిగే మెరుపు, ఒక చోట నిలబడుతుంది. కరెంటు డేటా షీట్‌లో ఉన్న కనీసం కంటే దిగితే, లేదా వాడకంతో మొన మొద్దుబారితే, ఆర్క్ అటూ ఇటూ గెంతుతుంది. తెర మీద మీరు చూస్తున్నది ఆ గెంతే. 3 కిలోవాట్ల ల్యాంప్ పూర్తి పవర్‌లో 100 ఆంపియర్ల దరిదాపుల్లో నడుస్తుంది. ఒక షోకి కరెంటు రేటెడ్ స్థాయికి పెంచి చూడండి. ఆడడం తగ్గితే కారణం తెలిసిపోయినట్టే. తగ్గకపోతే ల్యాంప్ మార్చేటప్పుడు దాన్ని పట్టి ఉంచే క్లాంప్ కాంటాక్టులు చూడండి. నల్లగా మాడినా, గుంటలు పడినా ఆ క్లాంప్ మార్చకుండా కొత్త ల్యాంప్ వేయొద్దు.

ఇంకో నెల మాత్రం వద్దు. రోజుకు 4 ఆటలంటే 10, 11 గంటలు, నెలకు 300 పైనే. 1725 కాస్తా 2000 దాటిపోతుంది. వారంటీ గంటల మీద 20 శాతం వరకు, అంటే 1800 దాకా, సాధారణంగా గరిష్ఠ హద్దు అంటారు. గాజు లోపల నల్లపొర పట్టేకొద్దీ వేడిని అదే తాగుతుంది, చివరికి పేలుతుంది. పేలితే ఒక్క ల్యాంప్ పోదు, ముందు రిఫ్లెక్టర్ పోతుంది, లోపలి అద్దాల దాకా ముక్కలు పోవచ్చు. ఆ బిల్లు ముందు కొత్త ల్యాంప్ ధర చాలా చిన్నది. ఓనర్ గారికి ఈ లెక్క కాగితం మీద రాసి చూపించండి.

షోకి షోకి మధ్య అరగంటే ఉంటే ల్యాంప్ ఆర్పొద్దు. డౌజర్ (వెలుగును అడ్డుకునే మూత) మూసి పవర్ తగ్గించి ఉంచండి. వెలిగించిన ప్రతిసారీ ఎలక్ట్రోడ్ కొంత అరుగుతుంది.

ల్యాంప్ మార్చడం: జాకెట్ లేకుండా చేయొద్దు. చల్లగా ఉన్నప్పుడే గాజులోపల గ్యాస్ వాతావరణ పీడనానికి 10 రెట్ల దాకా ఉంటుంది, వెలిగినప్పుడు 25, 30 రెట్లు. అందుకే కొత్త ల్యాంప్ కూడా ప్రమాదమే. మెడ కూడా కప్పే ఫేస్ షీల్డ్, మందపాటి జాకెట్, మోచేతుల దాకా వచ్చే తోలు గ్లౌజులు, మూడూ ఉండాలి. ఇవి వేసుకోని మనిషి బూత్‌లో ఉండకూడదు.

ల్యాంప్ ఆర్పి ఫ్యాన్లు 15 నిమిషాలు తిరగనివ్వండి. తర్వాత మెషిన్ ఆపి, డీబీలో (కరెంటు డిస్ట్రిబ్యూషన్ బోర్డులో) బ్రేకర్ దించి, ఎవరూ ఎత్తకుండా తాళం వేయండి. పాత ల్యాంప్‌ను మెటల్ చివర పట్టుకునే తీయాలి. తీసిన వెంటనే దాని కవచంలో పెట్టేయండి. కొత్త దాని కవచం బిగింపు సమయం దాకా తీయొద్దు. ప్లస్, మైనస్ గుర్తులు రెండుసార్లు చూసుకోండి. ఇది డీసీ, తారుమారైతే కొన్ని సెకన్లలోనే ల్యాంప్ నాశనం. క్లాంప్ బిగించేటప్పుడు గాజు మెడ మీద మెలిక గానీ వంపు గానీ పడకూడదు. వేడికి ల్యాంప్ పొడుగు సాగుతుంది కాబట్టి ఒక చివర గట్టిగా, రెండోవైపు కేబుల్ వదులుగా ఉండాలి. గాజుకు వేలు తగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులు రాలని గుడ్డతో తుడవండి. ఆ వేలిముద్ర మీదే వేడి పేరుకుని గాజు పగులుతుంది.

పాత ల్యాంప్ పాత సామాన్ల వాళ్లకు వేయొద్దు, లోపల పీడనం అలాగే ఉంటుంది. కవచంతో సహా సప్లయర్‌కు తిప్పి పంపండి.

వేశాక మెషిన్‌లో గంటలు సున్నా చేసి, సీరియల్ నంబర్, ల్యాంప్ రకం ఎక్కించి, అలైన్‌మెంట్ చేయండి. లెన్స్, పోర్ట్ గ్లాస్ (బూత్ కిటికీ అద్దం) రెండు వైపులా తుడిచాకే వెలుగు కొలత. ఫుల్ వైట్ ప్యాటర్న్ వేసి హాలు మధ్య వరసల నుంచి మీటర్ పెడితే నడిమధ్యలో 14 ఫుట్‌ల్యాంబర్ట్‌లు, అంటే 48 నిట్లు రావాలి. మూలల్లో దానిలో 75 శాతం అయినా ఉండాలి. ల్యూమినెన్స్ మీటర్ లేకుండా లక్స్ మీటరే ఉంటే తెర దగ్గరే కొలవండి: గెయిన్ (తెర వెలుగును తిప్పికొట్టే కొలత) 1 ఉన్న తెల్ల తెరకు సుమారు 150 లక్స్, గెయిన్ 1.8 సిల్వర్ తెరకు 84 చాలు.

బూత్_చిత్తూరు

చాలా థ్యాంక్స్ అన్నా. లాగ్‌లో ఎగ్జాస్ట్ టెంపరేచర్ అనే ఉంది. అనిమోమీటర్ 4.1 మీటర్లు చూపిస్తోంది. ఫాల్స్ సీలింగ్ పైన ఫ్లెక్సిబుల్ డక్ట్ మడత పడి ఉంది. మధ్యాహ్నం ఇన్‌టేక్ దగ్గర 37. జాకెట్ తెప్పిస్తా ఉన్నాం, వచ్చినాకే ల్యాంప్.

ఇంకో రెండు డౌట్లు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఎత్తుకునే లోపల అంతా ఆగిపోతుంది, దాంతో ల్యాంప్‌కు దెబ్బా? పక్క ప్యానెల్ విప్పి లోపల కూడా వ్యాక్యూమ్ చేయొచ్చా?

త్రీఫేజ్_రేణిగుంట

4.1 అంటే 280 సీఎఫ్‌ఎం. పైన చెప్పిన 450లో మూడింట రెండొంతులు కూడా లేదు. ఆ ఫ్లెక్సిబుల్ తీసేసి గట్టి రేకు డక్ట్ వేయించండి, మలుపులు వీలైనంత తక్కువగా.

కరెంటు పోవడం వల్ల దెబ్బే. ల్యాంప్ ఆరడం సమస్య కాదు, దాంతోపాటు ఫ్యాన్లు ఆగిపోవడం సమస్య. కాలుతున్న గాజు చుట్టూ గాలి కదలదు. మీ ప్రొజెక్టర్‌కు ఎలక్ట్రానిక్స్ కోసం విడిగా పవర్ ఇన్‌లెట్ ఉంటే దానికి, సినిమా ఫైళ్లు ఆడించే సర్వర్‌కు ఆన్‌లైన్ యూపీఎస్ ఇవ్వండి. ల్యాంప్ బ్యాలస్ట్‌ను (ల్యాంప్‌కు కరెంటు ఇచ్చే యూనిట్‌ను) యూపీఎస్ మీద వేయొద్దు, అది జనరేటర్ మీదే. చాలామంది మరిచేది డాబా మీది ఎగ్జాస్ట్ ఫ్యాన్. దాన్ని కూడా యూపీఎస్‌లోకి తీసుకోండి. నేమ్‌ప్లేట్ వాట్లు కూడి 30 శాతం కలిపి సైజు చూసుకోండి, 15 నిమిషాల బ్యాకప్ చాలు.

జనరేటర్ ఎక్కగానే స్ట్రైక్ కొట్టొద్దు, అంటే ల్యాంప్ వెలిగించొద్దు. వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ నిలకడగా కనబడ్డాకే. ల్యాంప్ వెలుగుతుండగా న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజ్ కొలవండి, 2 దాటితే ఎర్త్ పిట్ చూపించుకోండి. క్యాంటీన్ పాప్‌కార్న్ మెషిన్, ఫ్రిజ్ ఉన్న ఫేజ్ మీద ప్రొజెక్టర్ హెడ్ (ఎలక్ట్రానిక్స్ ఉన్న భాగం) ఉండకూడదు. స్ట్రైక్ సమయంలో ఇగ్నైటర్ (ల్యాంప్‌ను వెలిగించే భాగం) పదుల వేల వోల్టులు వదులుతుంది. ల్యాన్ కేబుల్ ల్యాంప్ కేబుల్ పక్కనే కట్టి ఉంటే స్ట్రైక్ కొట్టినప్పుడల్లా సర్వర్ హ్యాంగ్ అవుతుంది. రెండూ దూరంగా లాగండి.

సర్వీస్_తిరుపతి

రెండో డౌట్‌కు జవాబు: ల్యాంప్‌హౌస్ తలుపు, ఫిల్టర్ కవర్లు మీరు తీయొచ్చు. కార్డులు, ఆప్టిక్స్ ఉన్న వైపు సెక్యూరిటీ కవర్ మాత్రం ముట్టుకోవద్దు. అది తెరుచుకుంటే మీడియా బ్లాక్‌కు (సినిమాను డిక్రిప్ట్ చేసే కార్డుకు), ప్రొజెక్టర్‌కు మధ్య ఉన్న మ్యారేజ్, అంటే సెక్యూరిటీ జత, తెగిపోవచ్చు. తెగితే మళ్లీ అధికారమున్న మనిషి పాస్‌వర్డ్‌తో మెషిన్ దగ్గర నిలబడి కలిపేదాకా కేడీఎం (ఆ మెషిన్‌లో, ఆ తేదీల్లో మాత్రమే సినిమా తెరిచే డిజిటల్ తాళంచెవి) ఉన్నా ఎన్‌క్రిప్ట్ చేసిన బొమ్మ పడదు. ఉదయం 11 ఆటకు ముందు ఈ పని పెట్టుకుంటే ఆ రోజు మార్నింగ్ షో పోయినట్టే.

మీడియా బ్లాక్‌లో బ్యాటరీ ఉంటుంది, బ్లాక్ డిజిటల్ గుర్తింపైన సర్టిఫికెట్ దాని మీదే బతుకుతుంది. రిపేర్లకని హాలు నెలల తరబడి మూసినా వారానికోసారి కొన్ని గంటలు సర్వర్ ఆన్ చేసి ఉంచండి. బ్యాటరీ పూర్తిగా దిగితే బ్లాక్ కంపెనీకి పోవాల్సిందే, కార్డు మారితే పాత కేడీఎంలేవీ పనికిరావు. గడియారం కూడా గమనించండి. డీసీఐ (డిజిటల్ సినిమా ప్రమాణాలు రాసిన సంస్థ) నియమం ప్రకారం సెక్యూర్ క్లాక్‌ను, అంటే మీడియా బ్లాక్ లోపలి గడియారాన్ని, ఏడాదికి 6 నిమిషాలకు మించి సర్దడానికి వీల్లేదు. నెలకోసారి ఫోన్ టైమ్‌తో పోల్చి, తేడా చిన్నగా ఉన్నప్పుడే సరిచేయించుకోండి.

ఆయుధ పూజ గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తా, ఆ రోజు అందరూ హడావుడిలో ఉంటారు. కుంకుమ, విభూతి మెషిన్ ఇన్‌టేక్ వైపు చల్లొద్దు. బొట్టు స్టాండ్‌కు పెట్టండి. కర్పూరం, సాంబ్రాణి బూత్ బయట వెలిగించండి, ఆ మసి లెన్స్ మీద, పోర్ట్ గ్లాస్ మీద పొరలా పడుతుంది. పడితే ముందు బ్లోయర్ బల్బుతో ఊది, తర్వాత లెన్స్ టిష్యూకి రెండు చుక్కల లెన్స్ క్లీనర్ అద్ది మధ్య నుంచి అంచుకు గుండ్రంగా తుడవండి. క్లీనర్ నేరుగా గాజు మీద కొట్టొద్దు.