వరదలో నానిన పాత కారు: లోపలి తుప్పును ఎలా బాగు చేయించాలి?

మా నాన్నగారు 2005లో కొన్న మారుతి 800 ఇది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో, విజయవాడ సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయింది. ఇంజన్, సీట్లు అప్పుడే బాగు చేయించాం. ఇప్పుడు తలుపుల కింద బోలుగా ఉండే భాగంలో పెయింటు పొక్కులు లేస్తోంది. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే రేకు లోపలికి దిగిపోతోంది. నీరు కారిపోవలసిన రంధ్రాల్లో వరద బురద గట్టిపడి ఉంది. తుప్పు లోపలి నుంచే బయటికి వచ్చిందని నా అనుమానం.

ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రి పుట్టీ పెట్టి రంగు వేస్తే చాలన్నారు. నాకు మనసొప్పలేదు. పైకి నున్నగా కనిపించినా లోపల రేకును తుప్పు తింటూనే ఉంటుంది. ఈ కారుకు విడిగా ఛాసిస్ (అడుగున ఉండే చట్రం) లేదు, బరువు మోసేది బాడీయే. జాకీ పెట్టేదీ ఆ తలుపుల కింది భాగంలోనే!

పాడైన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేస్తామని మరో మేస్త్రి అంటున్నారు. అదే సరైన దారి అనిపిస్తోంది. అయితే వెల్డింగ్ వేడికి లోపలి ప్రైమర్ కాలిపోతుంది కదా, చేయి దూరని ఆ బోలులోకి తుప్పు పట్టనివ్వని మైనం ఎలా పంపాలి? సన్నటి పొడవైన గొట్టంతో స్ప్రే చేసేవారు విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఉన్నారా? ముందు కార్పెట్ తీయించి అడుగు రేకు కూడా చూపించాలా? ఇలాంటి పని చేయించినవారు దయచేసి చెప్పండి, ఖర్చు ఎంతయిందో కూడా.