ఫెయిర్‌ఫీల్డ్, అయోవా: వాస్తు కోసం ఊరి పాత కట్టడాలు కూల్చడం న్యాయమేనా?

పాతచౌరస్తా:
మొన్న ఇంకో చర్చలో ఒకరు "అమెరికాలో మన వాస్తుకి గౌరవం దక్కిన ఊరు ఫెయిర్‌ఫీల్డ్" అని రాశారు. ఆ ఊళ్లో నేను రెండున్నరేళ్లు ఉన్నాను. ఆ మాట గుచ్చుకుంది, అందుకే విడిగా ఈ చర్చ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. అయోవా రాష్ట్రం ఆగ్నేయాన జెఫర్సన్ కౌంటీ ఉంది, దాని ముఖ్యపట్టణం ఫెయిర్‌ఫీల్డ్. 2020 లెక్కల్లో జనాభా 9,400 పైచిలుకు. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. నడిమధ్య చౌక్, అందులో పార్కు. దగ్గర్లోనే 1890లలో కట్టిన కోర్టు భవనం. ఊరు 1839లో మొదలైంది. అయోవా స్టేట్ ఫెయిర్ అని ఇప్పుడు దేశమంతా చెప్పుకునే సంత మొట్టమొదట 1854లో ఇక్కడే జరిగింది. రైలు ఊళ్లోంచే పోతుంది కానీ ఆమ్‌ట్రాక్ (ప్రయాణికుల రైలు) ఆగదు. ఎక్కాలంటే మౌంట్ ప్లెజెంట్‌కో, ఆటమ్వాకో పోవాలి.

ఈ ఊళ్లో 1875లో ప్రెస్బిటీరియన్ల పార్సన్స్ కాలేజీ పెట్టారు. అది 1973లో దివాలా తీసి మూతపడింది. మరుసటి ఏడాది ధ్యానం నేర్పే గురువు మహేశ్ యోగి మనుషులు కాలిఫోర్నియా నుంచి వచ్చి ఆ క్యాంపస్‌లో తమ యూనివర్సిటీ పెట్టుకున్నారు. మన పిల్లలు కంప్యూటర్ మాస్టర్స్‌కి వెళ్లేది అక్కడికే. పార్సన్స్ వాళ్ల పాత కట్టడాలు కొన్నింటిని ఆ తర్వాత వాస్తు ప్రకారం లేవని పడగొట్టారు. వాటిలో కాలేజీవాళ్ల ప్రార్థన మందిరం బార్‌హైట్ చాపెల్ ఒకటి. 2001లో కూల్చారు. 1983 నుంచీ జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్న భవనం అది.

మా ఇంటి ఓనరమ్మ పెళ్లి ఆ చాపెల్‌లోనే జరిగింది. వంటింటి కిటికీ గట్టు మీద, తులసి ఆకుల్లాంటి ఆకులున్న ఓ కుండీ పక్కన, అరచేతిలో పట్టేంత ఇటుక ముక్క ఉండేది. ఒక అంచున ఇంకా సున్నం అంటుకుని ఉంది. కూల్చిన రోజు వెళ్లి తెచ్చుకుందట. నేను గిన్నెలు కడుగుతూ అది ఏంటని అడిగితే చేతులు తుడుచుకుని, ముక్కని నా చేతిలో పెట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

వాస్తు పేరు చెప్పి ఇంకొకళ్ల ఊరి జ్ఞాపకాన్ని పడగొట్టడం మనకి గర్వకారణమా? చెప్పండి.

తూర్పుగుమ్మం:
ఆ మాట రాసింది నేనే. కట్టుబడే ఉన్నాను.

ముందు ఒక విషయం సరిచేయండి. మీరు చెప్పే తీరు చూస్తే చర్చి కూల్చేసినట్టుంది. అది చర్చి కాదు. మూతపడ్డ కాలేజీలో ఒక హాలు. దానికి పాస్టరూ లేడు, సంఘమూ లేదు. డబ్బు పెట్టి కొనుక్కున్న స్థలంలో తమ కట్టడం తాము తీసేసుకున్నారు. ఆ జాబితాలో పేరున్నంత మాత్రాన సొంతదారుడి చేతులు కట్టేసినట్టు కాదు. ప్రైవేటు ఆస్తిని దాని యజమాని కూల్చుకోవడాన్ని ఆ జాబితా ఆపదు. పైగా అంత పాత భవనానికి మరమ్మతులంటే మాటలా?

రెండోది, వాళ్లు రాకపోతే ఆ ఊరు శ్మశానం అయ్యేది. కాలేజీ మూతపడ్డ చిన్న ఊళ్లు మిడ్‌వెస్ట్‌లో ఎన్ని ఎండిపోయాయో చూడండి. ఇక్కడ జనం వచ్చారు, ఇళ్లు కొన్నారు, కంపెనీలు పెట్టారు. సిలికాన్ వ్యాలీకి మొక్కజొన్న (కార్న్) కలిపి "సిలికార్న్ వ్యాలీ" అని ముద్దుపేరు పెట్టేంతగా. ధ్యానం చేసే ఎడ్ మలాయ్‌ని ఊరివాళ్లే ఓటేసి మేయర్‌ని చేసుకున్నారు. 2001 నుంచి 2019 దాకా ఆయనే. ఊరికి అంత కోపమే ఉంటే అన్నిసార్లు ఎలా గెలిపిస్తారు?

లంకమొగ్గ:
ఫాలో అవుతున్నా. మా తమ్ముడికి అక్కడే అడ్మిషన్ వచ్చింది.

పాతచౌరస్తా:
చాపెల్ అని నేను స్పష్టంగానే రాశాను. దాన్ని హాలు అనడం మీ ఇష్టం. పెళ్లిళ్లు, ప్రార్థనలు జరిగిన చోటు అది. హక్కు లేదని నేను అనలేదు. హక్కు ఉంది కాబట్టే న్యాయమా అని అడుగుతున్నాను.

తూర్పుగుమ్మం:
ప్రార్థనలు ఎప్పుడు జరిగాయి? 1973కి ముందు. 28 ఏళ్ల తర్వాత అది చర్చి ఎలా అవుతుంది? ఈ ఒక్కదానికి సమాధానం చెప్పండి.

మాజీవిద్యార్థి_11:
ఇద్దరికీ నమస్కారం. నేనూ ఆ క్యాంపస్‌లో చదివాను. మొదటి ఎనిమిది నెలలు నెలకొక సబ్జెక్టు, తర్వాత ఇంటర్న్‌షిప్. నాకు బతుకునిచ్చిన చోటు. రెండు బంగారు రంగు గుమ్మటాలు, మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి. సాయంత్రం పూట ఊరిపెద్దల్లాంటి అమెరికన్లు దిండ్లు చంకలో పెట్టుకుని ధ్యానానికి నడిచిపోతుంటే మొదటి వారం నోరు తెరుచుకుని చూశాను. చలికి మాత్రం ఏడ్చాను. ఊళ్లో మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అయితే సెలూన్‌లో కూర్చుంటే మాటలు వినపడేవి. ధ్యానం వాళ్లని "రూ"లు అంటారు, గురు అన్న మాటలోంచి వచ్చిందట. పాతవాళ్లు "టౌనీ"లు. రెండు వర్గాల పిల్లలు ఒకే ఆటల్లో ఆడతారు, పెద్దవాళ్లు మాత్రం కాఫీ వేర్వేరు చోట్ల తాగుతారు. నేను చూసింది ఇదీ.

డెమాయిన్_అక్క:
తూర్పుగుమ్మం తమ్ముడూ, "శ్మశానం అయ్యేది" అన్నమాట తప్పు. అయోవాలో 22 ఏళ్లుగా ఉన్నాను కాబట్టి చెప్తున్నా. అది వట్టి కాలేజీ ఊరు కాదు. విలియం లౌడన్ అనే ఆయన 1867లో ఎండుగడ్డిని పశువుల కొట్టం అటక మీదికి ఎత్తి, పైన పట్టా వెంబడి లాక్కెళ్లే సాధనానికి పేటెంట్ తీసుకున్నది అక్కడే. ఆ లౌడన్ కంపెనీ కొట్టాల సామానే కాదు, కొట్టాల ప్లాన్లు కూడా గీసి ఇచ్చింది. మన లాండ్రీల్లో నాణేలు వేసి తిప్పుతామే, ఆ డెక్స్టర్ మెషీన్లు ఇప్పటికీ ఫెయిర్‌ఫీల్డ్‌లోనే తయారవుతాయి. ఉక్కు కోటీశ్వరుడు కార్నెగీ డబ్బుతో లైబ్రరీలు దేశమంతా పుట్టుకొచ్చే ముందే, 1890ల మొదట్లో, సెనేటర్ జేమ్స్ విల్సన్ అడిగితే కార్నెగీ ఈ ఊరికి లైబ్రరీ కట్టించాడు. ఇప్పుడు అది మ్యూజియం. అంటే పాత కట్టడాన్ని ఉంచుకోవడం చేతకాని ఊరేమీ కాదు. వచ్చినవాళ్లు మేలు చేశారు, ఒప్పుకుంటాను. చచ్చిన ఊరిని బతికించామంటే మాత్రం అక్కడ లాండ్రీ మెషీన్లు బిగించే వాళ్లని అవమానించినట్టే.

తూర్పుగుమ్మం:
అక్కా, ఫ్యాక్టరీలు ఉన్నాయి, సరే. చర్చి ప్రశ్నకి మాత్రం ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు.

పాతచౌరస్తా:
సమాధానం చెప్తా వినండి. కోనసీమలో మాది మండువా లోగిలి. టేకు స్తంభాలు, నడుమ వాన పడే చోటు. మా అమ్మ ఆఖరి రోజులు ఆ వసారాలోనే గడిచాయి. సిద్ధాంతి ఎవరో వచ్చి నైరుతిలో దోషం ఉందన్నాడు. నాకు ఫోన్ కూడా చేయకుండా మా అన్నయ్య పడగొట్టించాడు. స్తంభాలు ఎవరికో అమ్మేశాడు. నేను సంక్రాంతికి వెళ్లేసరికి పునాది గోతులు కనపడ్డాయి. ఇంటి కాగితాలు అన్నయ్య పేరు మీదే ఉన్నాయి. హక్కు ఉంది. పదేళ్లయింది, మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు. 28 ఏళ్ల తర్వాత చర్చి ఎలా అవుతుందని అడుగుతున్నారు. మా అమ్మ పోయాక ఆ వసారా మా అమ్మది కాకుండా పోయిందా?

రేపల్లె_కుర్రోడు:
🙏 మా ఇంటి కథ ఇదే అన్నా.

తూర్పుగుమ్మం:
మీ అన్నదమ్ముల గొడవ తెచ్చి అయోవా మీద రుద్దకండి. మీ అన్నయ్య చేసింది తప్పు కావచ్చు. దానికి వాస్తు శాస్త్రం ఏం చేసింది? వాస్తు అనగానే చిన్నచూపు, ఈ ఫోరంలో ఎప్పుడూ ఇంతే.

పాతచౌరస్తా:
చిన్నచూపు ఎవరిదండీ? ఒక ముసలావిడ ఇటుక ముక్క దాచుకుంటే దాన్ని "హాలు" అని కొట్టిపారేసింది మీరు. నోరు పారేసుకోవడం ఆపండి.

మోడరేటర్:
ఇద్దరూ తగ్గండి. వ్యక్తిగత మాటలు వద్దు.

తూర్పుగుమ్మం:
సరే. నేనూ నా సంగతి చెప్తాను, అప్పుడు అర్థమవుతుందేమో.

మేం ఉండే కమ్యూనిటీలో పదకొండేళ్ల కిందట ఇల్లు కొన్నాం. దక్షిణ ద్వారం. నాన్నకి ఇష్టం లేదు. తూర్పు పక్కన ఇంకో తలుపు పెట్టుకుంటామని ఇళ్ల సంఘానికి దరఖాస్తు పెట్టాను. మీటింగులో ఒకాయన లేచి "ఈ వీధి రూపం ముప్పై ఏళ్లుగా ఇలాగే ఉంది, వచ్చినవాళ్లు దానికి సర్దుకోవాలి" అన్నాడు. అందరూ తలూపారు. నేను పన్ను కడుతున్నాను, మా పాప అక్కడే పుట్టింది, వీధిలో మంచు పడితే పక్కింటి ముసలాయన వాకిలి కూడా నేనే తీస్తాను. అయినా నేను "వచ్చినవాడినే". నాన్న రెండేళ్ల తర్వాత పోయారు, ఆ తలుపు చూడకుండానే. మీరు ఓనరమ్మ గురించి రాస్తుంటే నాకు ఆ మీటింగే కనపడింది. ఫెయిర్‌ఫీల్డ్‌లో ఆ మనుషులు వచ్చింది 1974లో. యాభై ఏళ్లు దాటింది. అక్కడ పుట్టి, పెరిగి, ముసలివాళ్లైనవాళ్లు ఉన్నారు. ఎన్నేళ్లుంటే అది వాళ్ల ఊరు కూడా అవుతుంది? నేను అడుగుతున్నది చర్చి గురించి కాదు.

డెమాయిన్_అక్క:
ఇది మొదటే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు తమ్ముడూ.

పాతచౌరస్తా:
మీ నాన్నగారి విషయం చదివి బాధ కలిగింది. ఆ మీటింగులో నేనుంటే మీ పక్కన నిలబడేవాణ్ని.

కానీ మీరు తలుపు పెట్టుకోవడానికి అడిగారు, పక్కింటిది పడగొట్టడానికి కాదు. ఫెయిర్‌ఫీల్డ్‌లో వాళ్ల గుమ్మటాలు కట్టుకున్నప్పుడు నాకు తెలిసి మా ఓనరమ్మకి ఏ అభ్యంతరమూ లేదు. 1983 డిసెంబరు చలిలో ధ్యానానికి ఏడు వేల మంది ఆ ఊళ్లో దిగితే, తన ఇంట్లో ముగ్గురికి మంచాలిచ్చింది. ఆ కథ నవ్వుతూ చెప్పేది. ఇటుక గురించి మాత్రం చెప్పేది కాదు. అది వాళ్ల ఊరు కూడా అని నేను ఒప్పుకుంటున్నాను. ఊరివాళ్లయ్యాక, ఊళ్లో ఉన్నవాళ్లని అడగాల్సిన బాధ్యత కూడా వస్తుంది అంటున్నాను.

తూర్పుగుమ్మం:
అడిగితే వాళ్లు సరే అనేవాళ్లా? నన్నడిగితే అనరు. అడిగినవాడికి ఏం జరిగిందో పైన రాశాను. ఈ విషయంలో మీకూ నాకూ కుదరదు. శ్మశానం అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను, అక్క చెప్పింది నిజం.

పాతచౌరస్తా:
నేను చాపెల్ అన్న మాట వెనక్కి తీసుకోను. ఆవిడ చివరిదాకా అలాగే పిలిచింది.

లంకమొగ్గ:
తమ్ముడికి ఈ చర్చ మొత్తం పంపాను. చలి గురించే ఎక్కువ టెన్షన్ పడుతున్నాడు. అక్కా, ఏ నెలలో వెళ్తే మంచిది?

డెమాయిన్_అక్క:
ఆగస్టులో వచ్చేయమను. మొదటి శుక్రవారం చౌక్‌లో ఆర్ట్ వాక్ ఉంటుంది, అక్కడ నలుగురూ పరిచయమవుతారు. జాకెట్ మాత్రం ఇక్కడే కొనుక్కోమను, అక్కడి నుంచి తెచ్చేవి ఆగవు.