పథకాన్ని రైతుకు చూపాలా, పొలాన్ని కంపెనీకి చూపాలా?

చర్చ ప్రారంభించినవారు, అనంతపురం

సేద్యం ఒక్కదాని మీదే కుటుంబం గడవని భూ యజమాని, తన పొలానికి ఏ ఆదాయ మార్గాలు వర్తిస్తాయో ఒకే చోట చూసుకునేలా మేము నలుగురం ఒక ఆన్‌లైన్ వేదికను రూపొందిస్తున్నాము. సౌర విద్యుత్తుకు లీజు, గాలిమరకు స్థలం, రైతు భూముల్లో సౌర విద్యుత్తు కోసం కేంద్రం పెట్టిన పీఎం కుసుమ్ పథకం, ఉపాధి హామీ కింద పండ్ల తోటలు, చెట్ల పెంపకం మీద వచ్చే కార్బన్ క్రెడిట్లు (చెట్లు పీల్చుకునే కర్బనానికి లెక్కగట్టి అమ్ముకునే యూనిట్లు) అన్నీ అందులో ఉంటాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ ఎర్ర నేలల్లో వేరుశనగ ఎన్నిసార్లు చేయిచ్చిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. మార్గాలు లేక కాదు, వాటి సంగతి ముందుగా దళారీకి, ఆఖరున రైతుకు తెలియడం వల్లనే నష్టపోతున్నాము.

మాలో మాకే తెగని ప్రశ్న ఒకటుంది. రైతు సర్వే నంబరుతో తన పొలాన్ని నమోదు చేస్తే కంపెనీలు చూసి పిలవడం ఒక పద్ధతి. కంపెనీలూ శాఖలూ తమ షరతులను, ధరలను బయట పెడితే రైతు వాటిని చూసి తానే పిలవడం రెండో పద్ధతి. నేను రెండో పక్షాన ఉన్నాను. మా ఊరికి ఒక సంస్థ మనిషి వచ్చినప్పుడు ఏ నంబరు ఎవరిదో, ఎవరికి బ్యాంకు అప్పు ఉందో, ఎవరి కొడుకు బెంగళూరులో ఉన్నాడో అతనికి ముందే తెలుసు. అదే సంస్థ పక్క ఊరిలో ఎకరాకు ఎంత ఇచ్చిందో మాత్రం మాకు తెలియదు. మా పెదనాన్న అది తెలియకుండానే సంతకం పెట్టారు.

ఓర్వకల్లు వైపు నుంచి, సౌర ప్రాజెక్టులకు భూ సేకరణ పని చేసినవారు

మీ బాధ అర్థమైంది గానీ మీ పద్ధతి నడవదని నా అనుభవం. మా దగ్గర గని, శకునాల గ్రామాల్లో వచ్చిన 1,000 మెగావాట్ల సౌర పార్కుకు దాదాపు 6,000 ఎకరాలు పట్టింది. అంత పెద్దది కాకపోయినా, 50 మెగావాట్ల ప్రాజెక్టుకు సైతం రెండు వందల ఎకరాలకు పైగా ఒకదానికొకటి ఆనుకుని ఉన్న నేల కావాలి. నాలుగు ఎకరాల రైతు వేదికలో షరతులన్నీ చదివి పిలిస్తే, ఆయన చుట్టూ ఉన్న యాభై మంది సంగతి ఏమిటని కంపెనీ అడుగుతుంది. పొలాలను పటం మీద చూపనిదే ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. మీరు చూపకపోతే ఆ పనిని మళ్లీ దళారీయే చేస్తాడు.

కడప నుంచి, రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించినవారు

ఎవరిని ఎవరికి చూపాలన్న చర్చకు ముందు, చూపేది ఎవరి భూమో తేలాలి. మా జిల్లాలో సాగులో ఉన్న భూముల్లో డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకు కేటాయించిన అసైన్డ్ భూములవి) తక్కువేమీ కాదు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కౌలును కూడా బదిలీగానే లెక్కిస్తుంది. 2023 సవరణ తరువాత 20 ఏళ్లు దాటిన పట్టాలకు పూర్తి హక్కు పొందే వీలు వచ్చినా, ఏ నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉన్నదీ, ఏది బయటికి వచ్చినదీ ఒక్కొక్కటిగా చూడవలసిందే. హక్కుల రికార్డైన 1బిలో తాత పేరు, సాగు వివరాల రికార్డైన అడంగల్‌లో పెద్ద కొడుకు పేరు, పొలంలో చిన్న కొడుకు ఉండే కుటుంబాలను నా ఉద్యోగ కాలమంతా చూశాను. అలాంటి పొలాన్ని మీ వేదిక 'అర్హమైనది' అని చూపిస్తే, తొలి అడ్వాన్సు అందిన రోజునే అన్నదమ్ముల మధ్య దావా మొదలవుతుంది. అందుకని అర్హత అన్న మాట వాడకండి. 1బి, అడంగల్, ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్టరు లావాదేవీల ధ్రువపత్రం) మూడింటిలో పేర్లు కలిశాయా లేదా అన్నంతవరకే చూపండి. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న సంగతి మొదటి పేజీలోనే ఉండాలి. తెల్ల కాగితం మీద పాతికేళ్లకు సంతకాలు పెట్టినవారు నా దగ్గరకే వచ్చారు.

జమ్మలమడుగు నుంచి, బ్యాంకు ఉద్యోగి

ధరను ఎలా చూపాలన్నది ఎవరూ ఎత్తలేదు. ఎకరాకు ఏటా 30,000 రూపాయల లీజు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు అనుకుందాము. 29వ ఏడాదికి అది సుమారు 59,400 అవుతుంది. అదే ఐదు శాతం ఏటా పెరిగితే ఆ ఏడాదికి 1,17,600 దాటుతుంది. ఒప్పంద పత్రంలో తేడా ఒక్క మాటే, అందే సొమ్ము మాత్రం సగానికి సగం. రైతు మొదటి ఏడాది అంకెనే చూసి ఒప్పుకుంటాడు, ఎందుకంటే అతనికి చెప్పేదే ఆ అంకె. మీ వేదికలో ప్రతి లీజు కిందా పదో ఏడాది, ఇరవయ్యో ఏడాది, చివరి ఏడాది అందే మొత్తాలు రూపాయల్లో కనిపించాలి. లీజు ముగిశాక ఇనుప స్తంభాలనూ కాంక్రీటు దిమ్మెలనూ ఎవరు తీస్తారు, ఎవరి ఖర్చుతో తీస్తారు అన్నది కూడా. ఆ షరతును రాయని కంపెనీని అసలు చేర్చుకోకండి.

పత్తికొండ నుంచి, గుత్త (కౌలు) రైతు

ఇంతవరకు రాసినవారంతా యజమాని గురించే రాశారు. నేను పన్నెండేళ్లుగా ఆరు ఎకరాలను గుత్తకు చేస్తున్నాను, పొలం గలవారు హైదరాబాదులో ఉంటారు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం సాగుదారు పత్రం ఇచ్చేది పదకొండు నెలలకే, అది కూడా యజమాని సంతకం పెడితేనే. మీ వేదిక బాగా పనిచేస్తే వారు ఫోనులో చూసుకుని పొలాన్ని లీజుకు ఇస్తారు, నాకు ఆ సంగతి జేసీబీ వచ్చిన రోజున తెలుస్తుంది. వారి భూమి వారిష్టం అనే అంటారు, నేనూ కాదనను. 'ఈ పొలాన్ని ఇప్పుడు ఎవరు సాగు చేస్తున్నారు' అన్న ఒక్క ప్రశ్నను మాత్రం మీ ఫారంలో పెట్టండి.

చర్చ ప్రారంభించినవారు

ఓర్వకల్లువారి మాటలో నిజం ఉంది, నేను కొంత దిగివస్తాను. పటం మీద గ్రామం పేరు, ముందుకు వచ్చిన మొత్తం ఎకరాలు మాత్రమే చూపుతాము. కంపెనీ తన ధరను, షరతులను రాసి పంపాక, ఒప్పుకున్న రైతుల సర్వే నంబర్లు మాత్రమే తెరుచుకుంటాయి. అయితే పెద్ద ప్రాజెక్టుల లెక్క అన్నింటికీ వర్తించదు. పీఎం కుసుమ్ మొదటి విభాగంలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకే ప్లాంటు ఉంటుంది, సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు ఉంటే మేలు, మెగావాటుకు నాలుగైదు ఎకరాలు చాలు. అక్కడ చిన్న రైతు ఒంటరిగానైనా నిలబడగలడు, ఆయనకు కావలసింది సబ్‌స్టేషన్ దూరాన్ని చూపే పటం. సాగు భూముల్లో ఎత్తైన స్తంభాల మీద సౌర పలకలు అమర్చి కింద పంట పండించుకోవడానికీ ఆ పథకం వీలు కల్పిస్తుంది.

పత్తికొండవారూ, మీరు అడిగిన ప్రశ్న ఫారంలో ఈ రోజే చేరింది. సాగుదారు ఉన్న పొలానికి ముందుగా ఆ ఎత్తు పలకల పద్ధతినే చూపించాలని, సాగుదారు ఫోను నంబరుకు సమాచారం వెళ్లకుండా కంపెనీతో మాటలు మొదలు కాకూడదని నా అభిప్రాయం. యజమానులు సాగుదారు పేరు దాచి, సాగు లేదని రాస్తారని మా బృందంలో ఒకరు అంటున్నారు. పంట నమోదు వివరాలతో సరిచూస్తే అది కొంతవరకు బయటపడుతుంది. కానీ కోరుకు (పంటలో వాటాకు), గుత్తకు నోటి మాట మీద నడిచే సేద్యాల్లో నమోదు యజమాని పేరు మీదే ఉండిపోతుంది, అక్కడ ఏం చేయాలో నాకు ఇంకా తోచలేదు. రెవెన్యూలో పనిచేసిన పెద్దలు ఈ ఒక్క విషయం మీద మళ్లీ రాయవలసిందిగా కోరుతున్నాను.