యాంజియోగ్రామ్ టేబుల్ మీద ఉండగానే స్టెంటుకు సంతకం అడిగితే ‘ఆగండి’ అనవచ్చా?

సాగర్‌నగర్ వాసి (చర్చ ప్రారంభం):

మా నాన్నకు 63 ఏళ్లు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లూ నడిచే మనిషి. ఈమధ్య కొండ మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టయిందట. ఒక మెట్టు మీద కూర్చుంటే ఐదు నిమిషాల్లో తగ్గింది. నెల రోజుల్లో మరో రెండుసార్లు అలాగే జరిగింది. నడిస్తే వస్తుంది, ఆగితే పోతుంది. ఈసీజీ బాగానే ఉంది, రక్తపరీక్షలో గుండెపోటు జాడ లేదు, ట్రెడ్‌మిల్ పరీక్షలో మాత్రం తేడా కనిపించింది. విశాఖ నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ (మణికట్టు గుండా సన్నని గొట్టం పంపి, రంగుమందు ఎక్కించి గుండె రక్తనాళాలను తెర మీద చూసే పరీక్ష) చేయించాం.

నాన్నను లోపలికి తీసుకెళ్లిన పావుగంటకు నన్ను పిలిచారు. చెప్పులు విప్పించి అద్దాల గదిలోకి తీసుకెళ్లారు. తెర మీద నల్లటి రక్తనాళం ఎండుకొమ్మలా ఊగుతోంది. డాక్టరుగారు పెన్ను కొనతో ఒకచోట చూపించి, “ఇక్కడ 80 శాతం బ్లాకు. దారి తెరిచే ఉంది, స్టెంటు వేసేద్దామా? ఇప్పుడు గొట్టం తీసేస్తే మళ్లీ మొదటినుంచి చేయాలి” అన్నారు. స్టెంటు అంటే బ్లాకున్న నాళాన్ని తెరిచి ఉంచే చిన్న లోహపు జాలి గొట్టం. ఆయన గొంతులో కోపం లేదు, తొందర ఉంది. వెనక ఒక అమ్మాయి ప్యాడ్ మీద కాగితం పెట్టుకుని నిలబడింది. “వేయకపోతే ప్రమాదమా?” అని ఒక్క ప్రశ్న అడగగలిగాను. “ఎప్పుడు ఏమవుతుందో ఎవరు చెప్పగలరు?” అన్నారు. ఆ మాట విన్నాక ఏ కొడుకు చేయి ఆగుతుంది? సంతకం పెట్టాను. బిల్లు లక్షా తొంభై వేలు.

డబ్బు గురించి కాదు ఈ చర్చ మొదలుపెట్టింది. సాయంత్రం వార్డులో నాన్న నన్ను అడిగారు: “అద్దం అవతల నువ్వు నిలబడి ఉండటం చూశాను. నేను మెలకువగానే ఉన్నాను కదా, నన్ను ఎందుకు అడగలేదు?”

నిజమే. మణికట్టు దగ్గర చిన్న మత్తు ఇంజెక్షన్ తప్ప ఆయనకు ఏమీ ఇవ్వలేదు. మాట్లాడగలరు, వినగలరు. గుండె ఆయనది. అడిగింది నన్ను.

నా ప్రశ్న ఇది. గుండెపోటు కాని సందర్భంలో యాంజియోగ్రామ్‌నూ స్టెంటునూ విడదీయమని రోగి పట్టుబట్టవచ్చా? పట్టుబట్టాలన్నదే నా అభిప్రాయం. మీరేమంటారు?

పోర్టు విశ్రాంత ఉద్యోగి:

మీ బాధ అర్థమైంది కానీ మీ అభిప్రాయంతో ఏకీభవించలేను. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చిన వారానికి నాకు గుండెపోటు వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు సరిగా పనిచేయడం లేదు. రోడ్ల మీద కూలిన చెట్ల పక్కనుంచి మా అబ్బాయి నన్ను స్కూటరు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. ఆ రాత్రి డాక్టరుగారు మమ్మల్ని చర్చకు పిలిచి ఉంటే ఈరోజు ఇక్కడ రాసేవాడిని కాదు. మా సెక్షన్‌లోనే ఒకాయన “ఇంకొకరికి చూపిస్తాం, ఫోనులో చదివి చూస్తాం” అంటూ నెల గడిపి, ఇంట్లోనే పోయారు. నలభై ఏళ్లు గుండెలే చూస్తూ వచ్చిన మనిషికంటే మనకు ఎక్కువ తెలుసా? నమ్మకం లేకపోతే ఆసుపత్రికి వెళ్లడం ఎందుకు?

సాగర్‌నగర్ వాసి:

అయ్యా, మీరు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. గుండెపోటు వచ్చిన రాత్రి గురించి నాకు రెండో మాట లేదు. అప్పుడు ప్రతి నిమిషం విలువైనదే. నేను అడుగుతున్నది నడిచినప్పుడు నొప్పి వచ్చి, ఆగితే తగ్గి, నెలరోజులుగా స్థిమితంగా ఉన్న మనిషి సంగతి.

హృదయ వైద్యుడు:

నేను ఈ నగరంలోనే గుండె వైద్యుణ్ని. పేరు చెప్పలేను, కానీ దాచకుండా రాస్తాను.

ముందుగా మా వైపు నుంచి. ఒకేసారి చేస్తే రోగికి రెండోసారి గుచ్చడం ఉండదు, రెండోసారి రంగుమందు ఎక్కించడం ఉండదు (కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు), రెండో అడ్మిషన్ ఖర్చూ ఉండదు. కాబట్టి అదే టేబుల్ మీద స్టెంటు వేసిన ప్రతి వైద్యుడూ డబ్బు కోసమే వేశాడనుకోవడం అన్యాయం.

ఇక రెండో వైపు. స్థిమితంగా ఉన్న గుండెజబ్బులో స్టెంటు ప్రాణం కాపాడుతుందనే నమ్మకం మా వృత్తిలో బలంగా ఉండేది. 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనం 37 దేశాల్లో 5,179 మందిని పరిశీలించింది. మన దేశపు రోగులూ అందులో ఉన్నారు. సగం మందికి మొదటే యాంజియోగ్రామ్ చేసి, అవసరాన్ని బట్టి స్టెంటో బైపాసో చేశారు. మిగతా సగానికి మొదట మంచి మందులు మాత్రమే ఇచ్చి, అవి చాలనప్పుడే ముందుకు వెళ్లారు. మూడేళ్లు దాటాక చూస్తే మరణాల్లో తేడా లేదు. స్టెంటు వల్ల తేలిన మేలు నొప్పి తగ్గడం. తరచుగా నొప్పి వచ్చేవారికి అది నిజమైన మేలు, దాన్ని తక్కువ చేయను. అయితే గుండె ఎడమ వైపు ప్రధాన నాళంలో బ్లాకు ఉన్నవారిని, మందులకు లొంగని నొప్పి ఉన్నవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. అందుకని “స్టెంటు అక్కర్లేదని చదివాను” అంటూ వచ్చే ప్రతి ఒక్కరికీ ఇది వర్తించదు.

ఇంకొకటి. తెర మీద కంటితో చూసి చెప్పే శాతం ఒక అంచనా మాత్రమే. నాళంలోకి సన్నని పీడన తీగ పంపి, బ్లాకు దాటాక రక్తపు ఒత్తిడి ఎంత పడిపోతోందో కొలవవచ్చు. దాన్నే ఎఫ్‌ఎఫ్‌ఆర్ అంటాం. ఆ కొలత 0.80 కంటే ఎక్కువ ఉంటే సాధారణంగా మందులతో ఆగవచ్చు. 60, 70 శాతం అని చెప్పిన బ్లాకు విషయంలో “కొలిచారా?” అని తప్పకుండా అడగండి.

నెలాఖరు సమావేశాల్లో ఏ డాక్టరు ఎన్ని ప్రొసీజర్లు చేశాడని పట్టిక తెర మీద వేస్తారు. అలాంటి గదిలో నేను కూర్చున్నాను. పట్టికలో అడుగున ఉన్నప్పుడు తల దించుకున్నాను కూడా. “ఎప్పుడు ఏమవుతుందో ఎవరు చెప్పగలరు” అన్న మాట అబద్ధం కాదు. కానీ స్థిమితంగా ఉన్న రోగి బంధువుతో, సంతకం కాగితం పక్కన పెట్టుకుని ఆ మాట అనకూడదు. అది సమాచారం కాదు, భయం.

ఉక్కునగరం:

డాక్టరుగారు నిజాయితీగా రాశారు, ధన్యవాదాలు. ధరల గురించి ఒక మాట. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ మందుపూత స్టెంటుకు 29,600 రూపాయలు, మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. అంతకుముందు మందుపూత స్టెంటు సగటు ధర లక్షా ఇరవై వేలు పైమాటే. అంత తగ్గినా ప్యాకేజీ అదే స్థాయిలో ఎందుకుంది? బెలూను, తీగలు, గది, డాక్టరు ఫీజు, ‘ఇతరములు’ అంటూ ఖర్చు పక్కకు జరిగింది. 2018లో అదే సంస్థ ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలిస్తే, కొన్ని వస్తువుల మీద లాభం 1,700 శాతం దాటింది. అందుకే ప్యాకేజీ మొత్తం చెబితే సరిపోదు, వస్తువారీగా రాసిన బిల్లు అడగండి. స్టెంటు పెట్టె మీది స్టిక్కరు మీ ఫైలులో ఉండాలి.

మాజీ ఆరోగ్యమిత్ర:

పెద్దలందరూ ‘అడగండి, అడగండి’ అంటున్నారు. ఎవరు అడగాలి? నేను కొన్నేళ్లు ఆరోగ్యశ్రీ కౌంటరులో కూర్చున్నాను. పాడేరు నుంచి, చోడవరం నుంచి ఊరి ఆర్‌ఎంపీని వెంటబెట్టుకుని వస్తారు. అంగీకారపత్రం ఇంగ్లీషులో ఉంటుంది. వేలిముద్ర వేసేవారికి ‘ప్రశ్నించే హక్కు’ అని చెప్పి పంపడం అంటే, ఈత రానివాడికి సముద్రం లోతు చెప్పడమే. తెలుసుకునే భారమంతా రోగి నెత్తిన వేసి, వ్యవస్థ తప్పించుకోవడానికి మనమే దారి వేస్తున్నామని నా భయం.

ఒక సంగతి మాత్రం గమనించండి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న ఈ పథకంలో అత్యవసరం కాని స్టెంటుకు ముందస్తు అనుమతి కావాలి. యాంజియోగ్రామ్ చిత్రాలు పంపాలి, అవతల పథకాన్ని నడిపే ట్రస్టు వైద్యులు చూసి ఒప్పుకోవాలి. అత్యవసరమైతే ఫోను మీద అనుమతి వస్తుంది. ఆ విధానంలో లోపాలు లేవనను, దాన్ని దాటుకునే మార్గాలు వెతికినవారినీ చూశాను. అయినా తెల్లకార్డు రోగికి స్టెంటు వేసే ముందు మరో డాక్టరు చూపు పడుతుంది. సొంత డబ్బు కట్టే మీకు ఆ రెండో చూపు లేదు. యాంజియోగ్రామ్ అయ్యాక ఆగి ఆలోచిస్తే ప్రాణం పోతుందని మీకు చెప్పినవారే, పథకం రోగి విషయంలో అనుమతి వచ్చేదాకా ఆగుతున్నారు. ఇది ఎలా సాధ్యమో పోర్టు అయ్యగారు ఆలోచించాలి.

మద్దిలపాలెం గృహిణి:

గుండె సంగతి నాకు తెలియదు. నాకు 38 ఏళ్లప్పుడు నెలసరి ఎక్కువగా అవుతోందని స్కానింగుకు వెళ్తే, గడ్డలున్నాయి, గర్భసంచి తీసేయాలి, ఆలస్యం చేస్తే క్యాన్సర్ కావచ్చన్నారు. మరుసటి సోమవారానికి తేదీ కూడా ఇచ్చారు. మా వదిన బలవంతం మీద ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో చూపించుకున్నాను. పొద్దున్నే చీటీ రాయించుకుని మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడ్డాను. ఆ డాక్టరమ్మ రిపోర్టు చూసి, చిన్న గడ్డలు, మందులు వాడి ఆరునెలలు చూద్దాం అన్నారు. ఇప్పుడు నాకు 45. గర్భసంచి నాతోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు మన రాష్ట్రంలో 8.7 శాతం. అప్పటికి దేశంలో మనమే పైన ఉన్నాం. ఇంతమందికి నిజంగా అవసరమై తీశారా? ఎన్ని ఇళ్లలో ఆ సోమవారం వచ్చి వెళ్లిపోయిందో తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

న్యాయవాద వృత్తి:

మొదటి ప్రశ్నకు చట్టం జవాబు చెబుతుంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన అంగీకారం చికిత్సకు అంగీకారం కాదని, రోగి వయోజనురాలై కొంతసేపటికి తెలివిలోకి రాబోతున్నప్పుడు తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. ప్రాణాపాయం తప్పించడానికైతే అది వేరు. సాగర్‌నగర్ వాసి గారి నాన్నగారు మెలకువగానే ఉన్నారు. ఆయన్ను అడగకపోవడం ఇంకా పెద్ద తప్పు.

కానీ ఒక మెలిక ఉంది. పరీక్షకూ చికిత్సకూ కలిపి ముందే అంగీకారం తీసుకోవచ్చని అదే తీర్పులో ఉంది. అందుకే చాలా ఫారాల్లో ‘యాంజియోగ్రామ్, అవసరమైతే యాంజియోప్లాస్టీ (అంటే బెలూనుతో నాళం తెరిచి స్టెంటు వేయడం)’ అని ఒకే వరుసలో ఉంటుంది. గొడవంతా ఆ ‘అవసరమైతే’ దగ్గరే. ముందురోజు అడ్మిషన్ కౌంటరులో, రోగి సంతకం చేసేటప్పుడే చూడండి. వద్దనుకుంటే ఆ మాటలు కొట్టివేసి పక్కన సంతకం పెట్టి, డాక్టరుగారికి చెప్పండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో మీ రికార్డులు మీకు ఇవ్వాలి. యాంజియోగ్రామ్ సీడీ మీది, అడిగి తీసుకోండి.

పోర్టు విశ్రాంత ఉద్యోగి:

ఆరోగ్యమిత్ర గారు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పథకం రోగి ఆగగలిగితే డబ్బు కట్టేవాడూ ఆగగలడు. అంతవరకు ఒప్పుకుంటాను. ఫారంలో కొట్టివేతలు మొదలైతే డాక్టర్లు మనల్ని శత్రువుల్లా చూస్తారన్న భయం మాత్రం పోలేదు. ఇప్పటికే ఎవరైనా చనిపోతే ఆసుపత్రి అద్దాలు పగలగొట్టేవాళ్లున్నారు. అటు భయం, ఇటు అనుమానం. మధ్యలో మంచి డాక్టరు కూడా నలిగిపోతాడు.

హృదయ వైద్యుడు:

ఓపీలో ప్రశాంతంగా అడిగిన ప్రశ్న నన్నెప్పుడూ బాధపెట్టలేదు అయ్యా. చెప్పే సమయం నా దగ్గర లేకపోవడమే బాధ.

గోపాలపట్నం కోడలు:

అందరికీ నమస్కారం. ఎల్లుండి మా మామయ్యగారికి యాంజియోగ్రామ్. పదిహేనేళ్లుగా షుగరు ఉంది. ఈ చర్చంతా ఆయనకు చదివి వినిపించాను. మేము ఏం చేయాలి?

సాగర్‌నగర్ వాసి:

ఫారం ఆయన చేతికే ఇవ్వండి. షుగరు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టులు దగ్గర పెట్టుకోండి. ‘గుండెపోటు లక్షణాలు ఉంటే తప్ప ఈరోజు స్టెంటు వద్దు, సీడీ ఇవ్వండి, చూసుకుని వస్తాం’ అని డాక్టరుగారితో ముందురోజే చెప్పించండి. టేబుల్ మీద కాదు.

హృదయ వైద్యుడు:

ఒక్కటి చేరుస్తాను. షుగరు ఉండి మూడు నాళాల్లోనూ బ్లాకులు తేలితే, స్టెంట్లకంటే బైపాస్ చేయించుకున్నవారే ఎక్కువకాలం బతుకుతున్నారని 2012లో వచ్చిన ఫ్రీడమ్ అధ్యయనం చెప్పింది. అలా తేలితే శస్త్రవైద్యుడితో మాట్లాడకుండా ఏ నిర్ణయానికీ రావద్దు.

గోపాలపట్నం కోడలు:

మూడు రోజులకు రాస్తున్నాను. కౌంటరులో ఆ మాటలు కొట్టివేస్తే సిస్టరు తటపటాయించింది. లోపలికి వెళ్లి అడిగి వచ్చింది. డాక్టరుగారు స్వయంగా బయటికి వచ్చి, “మీ ఇష్టం, తప్పేమీ లేదు” అన్నారు. ఆయనకు కోపం రాలేదు. మూడు నాళాల్లోనూ బ్లాకులు ఉన్నాయి. సీడీ తీసుకుని ఇంటికి వచ్చాం, సోమవారం శస్త్రవైద్యుడిని కలుస్తున్నాం. టేబుల్ మీద ఉండగానే మామయ్యగారు తలతిప్పి తెర తనవైపు చూపించమని అడిగారట. డాక్టరుగారు చూపించారట. రాత్రి భోజనం దగ్గర కూర్చుని, ఏ నాళం ఎక్కడ మూసుకుందో పళ్లెం అంచు మీద వేలితో గీసి మా అత్తయ్యకు చూపించారు.